తుక్కులో లంకెబిందెలు

అమ్మేవాడికి తెలియని విలువ కొనేవాడికి తెలిస్తే, ఆ సంగతి చెప్పి కొనాలా, చెప్పకుండా కొనొచ్చా?

ప్రశ్న పాతదే. రెండువేల ఏళ్ళ క్రితమే దీనిమీద వాదులాడుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను. నాకు మాత్రం ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు, పాత సామాన్ల కొట్టులోంచి వచ్చింది. శని, ఆదివారాల్లో పనికిరావని పారేసిన ఎలక్ట్రానిక్ సామాన్లు విప్పి, వాటిలో బతికున్న భాగాలు తీసి, వాటితో ఇంకేదో చేసుకునే అలవాటు ఉంది నాకు. వారమంతా కోడ్ రాసే ఉద్యోగం. చేత్తో పట్టుకోగలిగిన వస్తువు ఒక్కటీ అందులోంచి రాదు. అందుకేనేమో, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిన వాసన తగిలితే చాలు, ప్రాణం లేచొస్తుంది.

ఈ అలవాటున్న వాళ్ళం మా గురించి మేం ఒక మంచి మాట చెప్పుకుంటూ ఉంటాం. పారేసిన వస్తువుకి మళ్ళీ బతుకునిస్తున్నామని, భూమ్మీద ఆమేరకు చెత్త తగ్గిస్తున్నామని. అబద్ధం కాదు. కాకపోతే ఆ మంచి మాటకి ముందు ఒక బేరం జరుగుతుంది. దాని గురించి ఎవరం పెద్దగా మాట్లాడం.

బేరం ఇలా ఉంటుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఒకటి తుక్కు కొట్టుకి వస్తుంది. చార్జ్ నిలవడం లేదని యజమాని పడేశాడు. కొట్టువాడు దాన్ని కాటా మీద పెట్టి కిలో లెక్కన ధర చెబుతాడు. లోపల ఏముందో నాకు తెలుసు. కొంతకాలం కిందటి మోడల్ అయితే సాధారణంగా ఆరు గుండ్రటి సెల్స్ ఉంటాయి. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడుగు. అందుకే వాటిని 18650 అంటారు. రెండేసి చొప్పున మూడు జతలు వరసలో కలిపి ఉంటాయి. ఒక్క జత పాడైనా లోపలున్న చిన్న సర్క్యూట్ మొత్తం ప్యాక్‌ని ఆపేస్తుంది, ఆపకపోతే నిప్పంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి. అంటే, చచ్చిపోయిందని పారేసిన బ్యాటరీలో చాలాసార్లు చచ్చినవి రెండే సెల్స్. మిగిలిన నాలుగూ ఇంకా కొన్నేళ్ళు పనిచేసేవే కావచ్చు.

ప్రింటర్ అయితే ఒక్కో అడుగు చొప్పున లెక్కగా తిరిగే స్టెపర్ మోటార్లు, నున్నటి ఉక్కు కడ్డీలు. హార్డ్ డిస్క్ అయితే వేలు ఇరుక్కుంటే నలిగిపోయేంత బలమైన నియోడిమియం అయస్కాంతాలు. పాత కంప్యూటర్ పవర్ సప్లై అయితే ఆకుపచ్చ తీగని నల్ల తీగకి తగిలిస్తే చాలు, 12, 5, 3.3 వోల్టులు మూడూ ఇచ్చే పరికరం మన బల్ల మీదికి వచ్చినట్టే. కొట్టువాడికి ఇవన్నీ ఇనుము, ప్లాస్టిక్, బోర్డు. ఆ ధరకే ఇస్తాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇదంతా నేను అవసరం కొద్దీ చేయడం లేదు. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే రెసిస్టర్లు, కెపాసిటర్లు చిల్లర డబ్బులకి కొత్తవే దొరుకుతాయి. నాకొచ్చే జీతంతో పోలిస్తే నేను మిగుల్చుకునేది లెక్కలోకి రాదు. ఆ చిన్న తేడా కొట్టువాడికి మాత్రం ఆ రోజు సంపాదనలో కనిపించే తేడా. అందువల్ల "అవసరం, ఏం చేస్తాం" అనే సాకు నాకు లేదు.

*

మనలో చాలామంది చిన్నప్పుడు విన్న కథ ఒకటుంది. ఒకాయన ఇంకొకాయన దగ్గర పొలం కొన్నాడు. దున్నుతుంటే లంకెబిందెలు బయటపడ్డాయి. కొన్నాయన వాటిని నెత్తిన పెట్టుకుని అమ్మినాయన దగ్గరికి వెళ్ళాడు: "నేను కొన్నది పొలం, బిందెలు కాదు. ఇవి మీవి." అమ్మినాయన ఒప్పుకోలేదు: "పొలం అమ్మాక అందులో ఉన్నదంతా నీదే." ఇద్దరూ ధర్మరాజు దగ్గరికి వెళ్ళారు. తర్వాత రమ్మని పంపించాడు. వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి కలి ప్రవేశించింది. ఇద్దరూ కొట్టుకుంటూ వచ్చారు, బిందెలు నావంటే నావని.

యుగం మారిందని చెప్పడానికి ఈ కథ చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. ఆ కథలో ఇద్దరికీ ముందు తెలియదు. బిందెలు బయటపడ్డాకే ధర్మం గురించిన ప్రశ్న పుట్టింది. పొలంలో బిందెలున్నాయని కొనేవాడికి ముందే తెలిసుంటే? తెలిసి, నోరు మెదపకుండా, పొలం ధరకే రిజిస్ట్రేషన్ చేయించుకునుంటే? అప్పుడు ధర్మరాజు కూడా "తర్వాత రండి" అనేవాడు కాదేమో.

సరిగ్గా ఆ ప్రశ్నే సిసిరో వేశాడు. క్రీ.పూ. 44లో, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకుని ఉద్దేశించి కర్తవ్యాల గురించి ఒక పుస్తకం రాశాడాయన. దాని మూడో భాగంలో కొన్ని బేరాల చిక్కుముళ్ళున్నాయి. అన్నిటికంటే ఎక్కువమంది ఎరిగినది ధాన్యం వ్యాపారి కథ. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వ్యాపారి ఓడనిండా ధాన్యం తెచ్చాడు. తన వెనకే ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని ఆయనకి తెలుసు, ఊరివాళ్ళకి తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా? బాబిలోనియాకి చెందిన డయోజెనీస్ (జాడీలో కాపురమున్నాయన కాదు, వేరే) అక్కర్లేదంటాడు. మోసం చేయకూడదు, సరుకులో లోపం ఉంటే చట్టం చెప్పమన్నంత వరకూ చెప్పాలి, అంతే. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అని ఆయన వాదన. ఆయన శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోడు. నీకు తెలిసింది, ఎదుటివాడికి అక్కరకొచ్చేది, నీ లాభం కోసం వాడికి తెలియకుండా ఉంచడం దాచడమే అంటాడు. సిసిరో శిష్యుడి వైపే మొగ్గాడు.

ఇది అమ్మేవాడి కథ. అదే పుస్తకంలో కొనేవాడి కథ కూడా ఒకటుంది, ఒకే ఒక్క వాక్యంలో. బంగారాన్ని ఇత్తడి అనుకుని అమ్ముతున్నాడు ఒకడు. మంచివాడైన కొనుగోలుదారు అది బంగారమని చెబుతాడా, వెయ్యి దీనారాల సరుకుని ఒక్క దీనారానికి పట్టుకుపోతాడా? సిసిరో అక్కడ విడిగా జవాబు రాయలేదు. తన మతమేమిటో ఈపాటికి తెలిసే ఉంటుంది కదా అన్నట్టుగా దాటిపోయాడు.

నేను అంత తేలిగ్గా దాటిపోలేకపోయాను. ఎందుకంటే తుక్కు కొట్టులో నేను కొనేదంతా బంగారం కాదు.

*

ఇత్తడి అనుకున్న బంగారం ఎవరి చేతిలో ఉన్నా బంగారమే. "ఇది బంగారం" అన్న ఒక్క మాట చాలు, అమ్మేవాడు వెంటనే అసలు ధర తెచ్చుకోగలడు. బ్యాటరీ ప్యాక్‌లో సెల్స్ అలా కాదు. పెంకు పగలగొట్టాలి, సెల్‌కి చిల్లు పడకుండా. పడితే మంట. ఒక్కో సెల్ వోల్టేజ్ చూడాలి. మరీ దిగిపోయినవి పక్కన పెట్టాలి. మిగిలినవి 4.2 వోల్టుల దాకా చార్జ్ చేసి కొన్నిరోజులు అలా వదిలేసి, వాటంతటవే దిగిపోతున్నాయేమో చూడాలి. ఆ తర్వాత పూర్తిగా వాడి, ఎంత చార్జ్ నిజంగా పట్టిందో కొలవాలి. ఇంత చేశాక నాలుగింట్లో రెండే నిలవొచ్చు. ఇక్కడ విలువ నాకు దొరకలేదు. సగం పైగా నేను చేసింది. ఇది లంకెబిందె కాదు, మామిడి టెంక. టెంకలో చెట్టుందని చెప్పినంత మాత్రాన ఎవరికీ మామిడిపళ్ళు రావు.

ఈ తేడా దొరికాక నాకు నేనుగా ఒక చిన్న కొలత పెట్టుకున్నాను. అమ్మేవాడికి నేను ఒక్క మాట చెబితే ధర మారిపోతుందా? మారితే అది బంగారం, చెప్పి తీరాలి. ఒక్క మాట చాలదు, ఒక పనే నేర్పాల్సొస్తుంది అంటే అది టెంక, చెప్పకపోయినా నేను దాచినట్టు కాదు. డయోజెనీస్, ఆంటిపేటర్ ఇద్దరూ సగం సగం రైటన్నమాట.

కొలత బాగానే ఉంది. వాడి చూడాలి కదా. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న కొట్టుకి ఒకరోజు తెర పగిలిన లాప్‌టాప్ ఒకటి వచ్చింది. అడుగున మూత ఊడదీసి ఉంది. లోపల ర్యామ్ అలాగే ఉంది, చూయింగ్ గమ్ పట్టీ అంత ఎస్ఎస్‌డీ కూడా అలాగే ఉంది. రెండూ విడిగా తీస్తే పాతవాటి మార్కెట్లో ఇట్టే అమ్ముడుపోతాయి. ఇది టెంక కాదు, పచ్చి బంగారం.

"అన్నా, ఇందులో ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నాయి. తీసి విడిగా అమ్మితే కిలో లెక్క కంటే చాలా ఎక్కువొస్తుంది," అన్నాను.

ఆయన నా మొహం వంక అనుమానంగా చూశాడు. "మరి మీరెందుకు చెప్తున్రు సార్? సప్పుడు జెయ్యకుండ తీస్కపోవచ్చు గదా."

"తెలిసీ చెప్పకపోతే బాగోదు కదన్నా."

"బాగనే ఉంటది సార్. బేరమంటేనే గది," అని నవ్వాడు.

ఏ స్క్రూ విప్పాలో, ఏది ఎలా ఉంటుందో చూపించి వచ్చాను. కొన్ని వారాల తర్వాత వెళ్తే ర్యామ్‌లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా ఉన్నాయి. ఆయన చెప్పిన ధర బయటి మార్కెట్‌కి దగ్గరదగ్గరగా ఉంది. నేను కొనలేదు. చవగ్గా దొరికే చోటొకటి అలా పోయింది. ఇదే అలవాటున్న స్నేహితుడికి చెబితే, "నీ పుణ్యం కోసం మాక్కూడా రేట్లు పెంచావు కదరా," అని తిట్టాడు. వాడి మాటలో నిజం ఉంది. చెప్పడానికి ఖర్చుంటుంది. ఆ ఖర్చు లేకపోతే అసలిది నైతిక ప్రశ్నే కాదు, మర్యాద ప్రశ్న.

ఆ కొట్టులోనే ఇంకోసారి పాత యూపీఎస్‌లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అడిగాను. ఆయన కాటా మీద పెట్టేముందు జేబులోంచి బ్లేడు తీసి చుట్టిన తీగ మీద ఒకచోట గీకాడు. ఎర్రటి పూత కింద తెల్లగా మెరిసింది. "రాగి గాదు సార్ ఇది, అల్యూమినం. మీద రంగుంటది. రాగి రేటు నేను జెప్పను, మీరు ఇయ్యొద్దు." నాకు చదువు నేర్పని పని అది. అయస్కాంతం పెట్టి ఇనుము తేల్చడం, గీత గీసి లోహం పోల్చడం, బోర్డుని చేత్తో పట్టుకుని ఏ రకమో చెప్పడం ఆయనకి వచ్చు. ఆయనకి తెలియనివి నాకు తెలిసినట్టే, నాకు తెలియనివి ఆయనకి తెలుసు. ఆయన కొలత పేరు పెట్టుకోకుండానే పాటించాడు. ఒక్క మాటతో పోయేదాన్ని ఒక్క మాటతో చెప్పేశాడు.

*

ఇక్కడితో ఆపితే మంచి కథ అవుతుంది. కానీ ఆ లాప్‌టాప్ ఆ కొట్టుకి ఎలా వచ్చిందో ఆలోచిస్తే మనసు కుదుటపడదు.

ఎవరో ఇంట్లోంచి దాన్ని తోపుడు బండివాడికి ఇచ్చి ఉంటారు, పాత పేపర్లతోపాటు. బండివాడు కొట్టుకి తెచ్చాడు. కొట్టాయన పోగేసి పెద్ద గోడౌన్‌కి వేస్తాడు. గోడౌన్‌వాళ్ళు బోర్డుల్ని రకాలుగా విడదీసి ఇంకా పైకి పంపిస్తారు. పైన ఉన్నవాడికి ఏ బోర్డులో బంగారం పూత ఎంతో, రాగి ఎంతో బాగా తెలుసు. ప్రతి మెట్టు మీదున్నవాడికీ కింది మెట్టు వాడికంటే ఒక్క మాట ఎక్కువ తెలుసు. ఆ ఒక్క మాట చెప్పకపోవడంలోనే వాడి లాభం ఉంది. ఈ వ్యాపారం మొత్తం చెప్పని మాటల మెట్లదారి. నేను మధ్యలో ఒక మెట్టు మీద ఒక మాట చెప్పాను. దానివల్ల కొట్టాయన బాగుపడ్డాడు. బండివాడికి ఏం ఒరగలేదు. ఎండలో తిరిగి తెచ్చింది అతను.

కొట్టాయన బండివాడికి చెబుతాడా? చెప్పమని నేను అడగలేను. ఆయనకి నాలాగా నెల తిరిగేసరికి జీతం రాదు. ఇక్కడే నా కొలతలో ఒక సంగతి బయటపడింది. ఒక్క మాట చెప్పడం ఎవరికి ఎంత బరువో అది లెక్కలోకి తీసుకోదు. నాకు అది ఒక ఆదివారం సరదాలో కొంత. ఆయనకి ఇంటి అద్దెలో కొంత. కాబట్టి ఈ కొలతతో నన్ను నేను కొలుచుకోవచ్చు గానీ, దాన్ని తీసుకెళ్ళి ఆయన కాటా పక్కన పెట్టలేను.

"సగం పైగా నేను చేసింది" అని టెంక గురించి చెప్పాను కదా, ఆ మాటని కూడా ఒకసారి గీకి చూడాలి, ఆయన తీగని గీకినట్టు. నా పనితనం నిజంగా ఎంతవరకు నాది? నేను ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. అంటే నాలుగేళ్ళ ఫీజు కట్టింది జనం సొమ్ము. అగ్గిపెట్టె కొన్నవాడు కూడా ఏదో ఒక పన్ను కట్టాడు. బండివాడూ కట్టాడు. ఆ సొమ్ముతో నేర్చుకున్న ఓం సూత్రంతోనే నేను ఆయన తెచ్చిన ప్యాక్‌లో బతికున్న సెల్ ఏదో తేలుస్తున్నాను. పనితనం నాదే, కాదనను. కానీ నేను ఒక్కణ్ణే పెట్టుబడి పెట్టిన సరుకు కాదది. అందుకే టెంక విషయంలో కూడా "చెప్పక్కర్లేదు" అన్నంత వరకే నేను వెళ్ళగలను. ఎవరైనా అడిగితే మాత్రం నేర్పాలి. కొట్టాయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. మల్టీమీటర్ పట్టుకోవడం నేర్పమంటే నేర్పాను. అది దానం కాదు, బాకీలో కొంత.

*

కొనేచోట మొదలైన ఈ ఒక్క మాట అక్కడే ఆగదు. పోనుపోను ఇంకో రెండు చోట్ల అడ్డొస్తుంది.

ఒకటి, అసలు యజమాని దగ్గర. కిలో లెక్కన కొన్న హార్డ్ డిస్క్ తిరుగుతూ ఉంటే అందులో ఎవరివో పెళ్ళి ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు, జీతం స్లిప్పులు ఉండొచ్చు. అన్నీ డిలీట్ చేశామనే వాళ్ళ నమ్మకం. డిలీట్ అంటే ఆ డిస్క్‌లో చాలావరకు విషయసూచికలో ఒక పంక్తి కొట్టేయడమే. పేజీలు లోపలే ఉంటాయి, ఇంకేదైనా వాటి మీద రాసేదాకా. డిస్క్ నేను కొన్నాను. అందులో ఉన్నదాన్ని కూడా కొన్నట్టేనా? "మీ ఫొటోలు ఇంకా ఇందులోనే ఉన్నాయండీ" అని ఆ ఇంటావిడతో ఒక్క మాట అని ఉంటే ఆవిడ అమ్మేదా? అమ్మేది కాదు. అంటే అది ఆవిడ నాకు అమ్మలేదు. అమ్మని దాన్ని తెరిచి చూసే హక్కు నాకు లేదు. తెరవకుండానే మొత్తం మీద సున్నాలు రాయడం ఒక్కటే దారి. అయస్కాంతాలు ఆ తర్వాత తీసుకోవచ్చు. కుతూహలం ఉంటుంది, ఎందుకుండదు. తాళం వేయడం మర్చిపోయిన ఇంటి తలుపు ముందు కూడా ఉంటుంది.

రెండోది, తయారైన వస్తువు తీసుకునేవాడి దగ్గర. పాత సెల్స్‌తో చేసిన పవర్ బ్యాంక్ ఒకటి స్నేహితుడికి ఇచ్చాననుకోండి. పైకి చక్కటి డబ్బా, ముచ్చటైన చిన్న దీపం. "ఇందులో సెల్స్ ఎవరో పారేసిన బ్యాటరీలోవి" అంటే వాడు దాన్ని రాత్రి దిండు పక్కన పెట్టుకుని చార్జ్ చేస్తాడా? చేయడు. అయితే ఆ మాట ముందే చెప్పాలి. బేరం దగ్గర చెప్పకపోతే పోయేది డబ్బు. ఇక్కడ చెప్పకపోతే ఇల్లు. లిథియం సెల్ అంటుకుంటే నీళ్ళ చెంబుతో ఆరిపోయే మంట కాదది.

*

మరి మిగిలింది? నాలుగు సెల్స్ తీసుకున్నాక మిగిలిన రెండూ, ఆ పెంకూ, ఆ సర్క్యూటూ ఏమవుతాయి?

బౌద్ధ వినయ పిటకంలో ఒక ముచ్చట ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు ఆనందుడికి ఐదువందల వస్త్రాలు ఇచ్చారు. ఇన్ని బట్టలు ఈ సన్యాసికి ఎందుకని రాజుకి అనుమానమొచ్చింది. వెళ్ళి అడిగాడు. చీవరాలు చిరిగినవాళ్ళకి ఇస్తామన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవో? పక్కల మీద కప్పుకోవడానికి. పాత కప్పులో? పరుపు గలీబులకి. పాత గలీబులో? కింద పరుచుకోవడానికి. అవి కూడా పాతబడితే కాళ్ళు తుడుచుకోవడానికి, ఆపైన దుమ్ము దులపడానికి, చివరికి పీలికలు చేసి మట్టిలో కలిపి నేల అలకడానికి. రాజు సంతోషించి ఇంకో ఐదువందల వస్త్రాలు ఇచ్చాడు.

మన ఇళ్ళల్లో పాత చీరలు బొంతలై, బొంతలు మసిగుడ్డలైన దారి కూడా ఇదే. నాకు చాలా ఇష్టమైన దారి. కానీ సర్క్యూట్ బోర్డుకి ఈ దారి లేదు. గుడ్డ మెట్టుమెట్టుగా దిగి మట్టిలో కలుస్తుంది. బోర్డు అలా దిగదు. ఒక మెట్టు తర్వాత నేరుగా విషమైపోతుంది. యూరప్‌లో ఎలక్ట్రానిక్స్‌లో సీసం వాడకం మీద కట్టడి 2006 జులై 1 నుంచి మొదలైంది. అంతకుముందు బోర్డంటే అతుకుల్లో సీసం ఉందనే అనుకోవాలి. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు ఈ బాధ్యతని తయారీదారుల మీదా రిజిస్టరైన రీసైక్లర్ల మీదా పెట్టాయి. లెక్కకి అందనిదాంట్లో చాలా భాగం ఎక్కడో ఒక సందులో, రాగి కోసం తీగల్ని కాల్చేవాళ్ళ ఊపిరితిత్తుల మీదుగా పోతుంది.

అందుకని నేను చేసేది రీసైక్లింగ్ అని చెప్పుకోవడానికి నాకు కొంచెం మొహమాటం. నేను పాల మీది మీగడ తీసుకుంటున్నాను. మీగడ తీసిన పాలని మళ్ళీ ఆ కొట్టాయన కుప్పలోనే పోస్తే, పనికొచ్చేది నాకు, ప్రమాదం ఆయనకి. ఇక్కడ కూడా ఆ ఒక్క మాటే: "అన్నా, ఇందులో మంచివి తీసేశాను, మిగిలినవి అంటుకుంటాయి." ఈ మాట చెబితే ఆయన తీసుకుంటాడా? తీసుకోడు. అయితే అవి నా బాధ్యతే. చచ్చిన సెల్స్ కొనలకి టేపు వేసి, డబ్బాలో పోగేసి, రిజిస్టరైన సేకరణ కేంద్రానికి నేనే పట్టుకెళ్ళాలి. ప్రాజెక్టు ఫొటోలు అందరికీ చూపిస్తాం. ఈ డబ్బా ఫొటో ఎవరూ పెట్టరు.

మిగిలినవాటితోపాటు దాచినవి కూడా ఉంటాయి. మా అమ్మ వచ్చినప్పుడల్లా నా సొరుగులు చూసి, "ఇవన్నీ ఎప్పటికి వాడతావురా?" అంటుంది. జాన్ లాక్ అడిగినట్టే అడుగుతుంది. ప్రకృతిలోంచి మనిషి తన శ్రమతో తీసుకున్నది తనదే గానీ, పాడైపోకముందు వాడుకోగలిగినంతే అన్నాడాయన. పళ్ళు కుళ్ళుతాయి, లోహం కుళ్ళదు కాబట్టి డబ్బు పోగేయడానికి ఆ హద్దు లేకుండా పోయిందని కూడా ఆయనే అన్నాడు. సొరుగులో ఉన్నవి కుళ్ళవులే అనుకుంటాం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు లోపల ఎండిపోతాయి. సెల్స్ ఊరికే ఉన్నా సత్తువ కోల్పోతాయి. రబ్బరు బెల్టులు జిగురవుతాయి. సొరుగు కూడా ఒక చెత్తకుండీయే, కాకపోతే పేర్లు రాసి ఉన్నది.

*

ఇదంతా తుక్కు గురించేనా అని మీకనిపిస్తే, కాదు. నా ఉద్యోగం గురించి కూడా. నేను రాసే కోడ్ వాడేవాళ్ళకి, అది వాళ్ళ గురించి ఏం పోగేస్తోందో తెలియదు. వాళ్ళు దాన్ని ఇత్తడి అనుకుని ఉచితంగా ఇచ్చేస్తున్నారు. మాకు అది బంగారమని తెలుసు. మా దగ్గర మాట చెప్పకపోవడం కూడా ఉండదు. నలభై పేజీల షరతులు చూపించి "ఒప్పుకుంటున్నాను" అనిపిస్తాం. డయోజెనీస్ సంతోషిస్తాడు, చట్టం అడిగిందంతా అందులో ఉంది. చెప్పాల్సిన ఒక్క మాటని తప్పించుకోవడానికి వెయ్యి మాటలు చెప్పే పద్ధతి అది. తుక్కు కొట్టాయన అంతకంటే నయం. బేరమంటేనే గది అని మొహం మీదే చెప్పాడు.

ఆంటిపేటర్ అన్నట్టు అన్నిచోట్లా అన్నీ చెప్పుకుంటూ పోతే వ్యాపారం నడవదని డయోజెనీస్ బెంగ. నిజమే కావచ్చు. కానీ అన్నీ చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఏ ఒక్క మాట వింటే ఎదుటి మనిషి మనసు మార్చుకుంటాడో ఆ ఒక్కటే. అదేదో మనకి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. బేరమాడేటప్పుడు నాలుక చివర్న ఆగిపోయేది అదే కాబట్టి.